నానమ్మ చెప్పిన శేషం

భాగహారం అంటే నాకు భయం. శేషం ఎంత అని అడిగితే తల దించుకునేదాన్ని. "ఇంట్లో పెద్దవాళ్ళ ఆట ఒకటి నేర్చుకొని, అందులోని లెక్క చూపించండి" అని మా టీచరు ప్రాజెక్టు ఇచ్చారు.

మా నానమ్మ వామనగుంటలు నేర్పింది. ఇక్కడ షోళింగనల్లూరులో తమిళవాళ్ళు దాన్ని పల్లాంగుళి అంటారు. 14 గుంటలు, గుంటకు 5 చొప్పున 70 చింతగింజలు.

ఒకసారి నా చేతిలోకి 17 గింజలు వచ్చాయి. ఎక్కడ అయిపోతాయో తెలియక ఒక్కొక్కటే వేస్తున్నాను. "ఒక చుట్టుకి 14 పోతే మిగిలేది మూడేగా! మొదలుపెట్టిన చోటునుంచి మూడో గుంట చూసుకోవే" అంది నానమ్మ.

ఆ మిగిలిందే శేషం!

"నీకు చదువు రాదులే" అని నానమ్మను ఎన్నోసార్లు అన్నాను. మర్నాడు క్లాసులో ఆట చూపించి, "ఈ లెక్క మా నానమ్మ నేర్పింది" అన్నాను. ఇంటికొచ్చి ఆ సంగతి నానమ్మకీ చెప్పాను.