తుపాకిమందు కాదు, సీసపు ధూళి



ఈసారి రక్తపోటు గురించో, మధుమేహం గురించో కాక ఒక పాత తుపాకీ గురించి రాస్తున్నాను. వైద్యుడికి తుపాకులతో పనేమిటని మీకు అనిపించవచ్చు. చివరివరకు చదవండి. ఇది మీ ఇంటికీ సంబంధించిన విషయమే.

రెండేళ్ళ క్రితం మా అబ్బాయి వద్ద కొన్ని నెలలు గడపడానికి అమెరికాలోని టెక్సస్‌కు వెళ్ళాను. పక్కింటి పెద్దాయన నా ఈడువారే. పరిచయం పెరిగాక ఒకనాడు తన గ్యారేజీకి తీసుకువెళ్ళి, ముత్తాత నుంచి సంక్రమించిన వించెస్టర్ 1873 నమూనా తుపాకీని చూపించారు. అడుగున ఉన్న లీవరును కిందికి తోసి వెనక్కి లాగితే కాల్చిన తూటా గొట్టం బయట పడి, కొత్త తూటా లోనికి చేరుతుంది. అంత పాత తుపాకీలో నేటి పొగలేని మందు వాడటం ప్రమాదమని, ఆ కాలపు తుపాకిమందుతోనే ఆయన తూటాలు స్వయంగా నింపుకునేవారు. ఆ దేశంలో అది చట్టబద్ధమైన వ్యాపకం. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. కనుక ఎవరూ దీనిని అనుకరించవద్దు.

తుపాకిమందు అంటే పెట్లుప్పు, గంధకం, బొగ్గుపొడి. ఆయన వాడే తూటా పేరు 44-40. అందులో రెండో అంకె, తొలినాళ్ళలో దానిలో పట్టిన మందు 40 గ్రెయిన్లని చెబుతుంది. అంటే సుమారు రెండున్నర గ్రాములు. దాని ముందు 200 గ్రెయిన్ల, అంటే సుమారు 13 గ్రాముల సీసపు గుండు ఉంటుంది. ఈ మందు కాలినప్పుడు సగానికి పైగా మసిగా మిగులుతుంది. ఆ మసి తేమను పీల్చి లోహాన్ని తినేస్తుంది. అందుకే కాల్చిన ఇత్తడి గొట్టాలను ఆయన సబ్బునీటితో కడిగి, ఆరబెట్టి, మొక్కజొన్న కండెల పొడి నింపిన యంత్రంలో గంటల తరబడి తిప్పి మెరుగుపెట్టేవారు. సీసాన్ని కరిగించి గుండ్లు తామే పోసుకునేవారు. మసి గట్టిపడకుండా గుండ్లకు తేనెమైనం, కొవ్వు కలిపి పూసేవారు.

ఆయన జాగ్రత్త మెచ్చదగినది. మందు ఉన్నచోట నిప్పురవ్వ పుట్టనిచ్చేవారు కాదు. సీసం కరిగించే రోజున నాలుగేళ్ళ మనుమడిని గ్యారేజీలోకి రానిచ్చేవారు కాదు. "వాడికి ప్రమాదం లేని పనే ఇస్తాను డాక్టర్" అన్నారు. ఆ పని ఏమిటంటే, మెరుగుపెట్టిన గొట్టాలను జల్లెడతో పొడి నుంచి వేరుచేయడం. పిల్లవాడు సంబరంగా జల్లిస్తుంటే బూడిదరంగు ధూళి లేచింది. తరువాత వాడు అదే చేత్తో బిస్కెట్టు తిన్నాడు.

నా గుండె ఝల్లుమంది. తూటా అడుగున మందును అంటించే ప్రైమరులో సాధారణంగా సీసపు సమ్మేళనం ఉంటుంది. కాల్చిన తరువాత అది గొట్టంలో మిగిలి, చివరకు ఆ పొడిలో చేరుతుంది. తాతగారు మంటకు దూరంగా ఉంచిన పిల్లవాడిని తెలియకుండానే విషానికి దగ్గర చేశారు.

ఇంటికి వచ్చి చెబితే మా అబ్బాయి, "నాన్నా, ఇక్కడ తుపాకుల సంగతి సున్నితమైనది. ఇరుగుపొరుగుతో మనకెందుకు?" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. దానికి కారణం పాతది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, పాత బ్యాటరీలు పగలగొట్టే ఒక కూలీ కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనతలతో నా దగ్గరకు మూడుసార్లు వచ్చాడు. పుండు అనుకొని ఒకసారి, నులిపురుగులనుకొని మరొకసారి మందులిచ్చాను. నాలుగోసారి వచ్చేనాటికి అతని మణికట్టు వేలాడిపోయింది. పెద్దాసుపత్రిలో ఒక సీనియర్ వైద్యుడు అతని చిగుళ్ళ అంచున నీలిగీతను చూసి సీసపు విషమని తేల్చారు. రోగిని "నీ వృత్తి ఏమిటి?" అని తప్పక అడగాలని ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లోనే రాశారు. నేను అడగలేదు. ఆ కూలీ చేయి పూర్తిగా కోలుకోలేదు.

మరునాడు వెళ్ళి, ముందు ఈ కథ చెప్పాను. తరువాత ఆ పొడి గురించి చెప్పాను. పెద్దాయన ముఖం గంటుపెట్టుకొని, "నలభై ఏళ్ళుగా చేస్తున్నాను, నాకేమీ కాలేదు" అన్నారు. "మీ గురించి కాదు, ఆ చిన్నవాడి గురించి వచ్చాను" అన్నాను. ఆయన బదులు పలకలేదు. నాలుగు రోజుల తరువాత ఆయన కోడలే పిల్లవాడికి రక్తపరీక్ష చేయించింది. డెసిలీటరుకు 7 మైక్రోగ్రాములు. అమెరికాలో పిల్లలకు 3.5 దాటితే కారణం వెతకాలంటారు. పెద్దాయనకు 24.

సీసం కాల్షియంలా నటించి ఎముకల్లో చేరుతుంది. రక్తంలోని సీసం సగానికి తగ్గడానికి సుమారు నెల పడితే, ఎముకల్లోనిది దశాబ్దాలు ఉంటుంది. మింగిన సీసాన్ని పిల్లల పేగులు పెద్దవారి కంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటాయి. ఎదిగే మెదడుపై దాని ప్రభావం వెంటనే బయటికి కనిపించదు. ఇంత తక్కువ స్థాయికి మందులు వాడరు. మూలాన్ని తొలగించడం, ఇనుము, కాల్షియం ఉన్న ఆహారం పెట్టడం, మళ్ళీ పరీక్షించడం, ఇదే చికిత్స.

పెద్దాయన తన వ్యాపకాన్ని మానలేదు. పొడి యంత్రాన్ని మాత్రం తీసేసి, గొట్టాలను నీటిలోనే శుభ్రం చేస్తున్నారు. గ్యారేజీని ఊడ్వకుండా తడిగుడ్డతో తుడుస్తున్నారు. ఆ బట్టలు, చెప్పులు ఇంట్లోకి రానివ్వడం లేదు. మనుమడికి అక్కడ ప్రవేశం లేదు. ఆరునెలలకు వాడి సంఖ్య 4కు దిగిందని మా అబ్బాయి ఫోనులో చెప్పాడు. ఇంకా దిగాలి.

ఇప్పుడు మన ఇళ్ళకు వద్దాం. వలలకు కట్టే సీసపు గుళ్ళను పెరట్లో కరిగించి పోసుకునేవారున్నారు. బ్యాటరీ పని చేసి అవే బట్టలతో బిడ్డను ఎత్తుకునే తండ్రులున్నారు. గోడల పాత రంగును పొడిగా గీకేవారున్నారు. మెరుపు కోసం లెడ్ క్రోమేట్ కలిపిన పసుపు కొనేవారున్నారు. ఇందులో ఏదైనా మీ ఇంట ఉంటే, పిల్లలకు రక్తంలో సీసం పరీక్ష గురించి మీ వైద్యుణ్ణి అడగండి. పని నుంచి వచ్చినవారు చేతులు కడిగి, బట్టలు మార్చుకున్నాకే పిల్లలను ముట్టుకోండి.

మీ వైద్యుడు మీ వృత్తి ఏమిటని అడగకపోతే, మీరే చెప్పండి. ఒకప్పుడు అడగని వైద్యుడిగా ఈ మాట చెబుతున్నాను.