చప్పట్లు కొట్టినంత సులువు కాదు

ఇయ్యాల పంట ముచ్చట కాదు, ఒక సినిమా ముచ్చట. ఓపికుంటే చివరిదాకా చదవండి.

సినిమా పేరు ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ ప్రిసిల్లా, క్వీన్ ఆఫ్ ద డెజర్ట్’. 1994లో ఆస్ట్రేలియాల వచ్చింది. తీసినాయన స్టీఫన్ ఎలియట్. ప్రిసిల్లా అంటే మనిషి కాదు, ఒక పాత బస్సు. సిడ్నీల రాత్రిపూట ఆడవేషం కట్టి, పాటలకు పెదవులు కలిపి ఆడే ముగ్గురు ఆ బస్సెక్కి, ఎడారి నడుమ ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్‌కు ఆట కట్టడానికి పోతారు. వాళ్లలో టిక్, ఆడమ్ మగవాళ్లను ఇష్టపడే మగవాళ్లు. మూడో ఆమె బెర్నడెట్, మగపిల్లగానిగా పుట్టి ఆడమనిషిగా మారిన పెద్దావిడ. దారి పొడుగునా పాటలు, నవ్వులు, ఎర్రమట్టి. మన చెలకల రంగే అనిపిస్తది. ఇక ఆ వేషాలు చూడాలె! రబ్బరు చెప్పులతోనే ఒక గౌను కుట్టిన్రు. దుస్తులకు ఆస్కార్ కూడా వచ్చింది.

నవ్వుకుంటనే చూస్తం గాని, ఒక చోట నవ్వు ఆగిపోతది. బ్రోకెన్ హిల్ అనే గనుల ఊర్లో ముందు అందరూ వింతగా చూస్తరు. బెర్నడెట్ అక్కడి మొరటు ఆడమనిషితో తాగుడు పందెం కట్టి గెలుస్తది. ఊరంతా కేరింతలు. తెల్లారి చూస్తే బస్సు మీద పెద్ద అక్షరాలతో బూతు రాసి, వెళ్లిపోండి అని ఉంటది.

ఇది మనకు కొత్తనా చెప్పండి? ఒగ్గుకథల, భాగోతంల మగాయన చీర కట్టి ఆడితే ఈలలు వేస్తం, నోట్లు చదివిస్తం. అదే ఊర్లో ఒక పిల్లగాడు మెత్తగ నడిస్తే, తెల్లారి చాయ్ హోటల్ కాడ వానికి పేర్లు పెడతం. వేషం కట్టిన ప్రతి కళాకారుడూ గే అని నేననను, అది వేరు సంగతి. నేననేది, చప్పట్లు కొట్టినంత సులువు కాదు పక్కన కూసోబెట్టుకునుడు.

సినిమాకు గుండెకాయ టిక్ కథ. ఆలిస్ స్ప్రింగ్స్‌ల హోటల్ నడిపేది ఆయన భార్యనే. చిన్న కొడుకు ఆమె దగ్గరనే పెరుగుతుండు. కొడుక్కు తన బతుకు తెలిస్తే ఏమైతదో అని టిక్‌కు దారంతా భయం. ఆట నడుమ కొడుకు కనబడితే స్టేజీ మీదనే సొమ్మసిల్లి పడతడు. తర్వాత పిల్లగాని ముందు గట్టి మగాడి లెక్క నటించబోతడు. రోజూ ఆడవేషం కట్టే మనిషి, కొడుకు ముందు మగవేషం కడతడన్నట్టు! కానీ పిల్లగానికి అన్నీ తెలుసు. తల్లి దాచలేదు. సిడ్నీ పోయినంక నీకు బాయ్‌ఫ్రెండ్ ఉంటడా అని మామూలుగ అడుగుతడు, అన్నం తిన్నవా అన్నట్టు. అబ్బా అనే స్వీడన్ బృందం పాటలకు ఆడి చూపిస్తవా అని కూడా అడుగుతడు. అంతే, ఇన్నేండ్ల బరువు దిగిపోతది.

టిక్ భయం ఉత్తది కాదు. ఆ సినిమా వచ్చేనాటికి ఆస్ట్రేలియాలనే టాస్మానియా రాష్ట్రంల మగవాళ్ల మధ్య సంబంధం నేరం. 1997ల తీసేసిన్రు. మన దేశంల సుప్రీంకోర్టు 377వ సెక్షన్ మీద, ఇష్టపడిన పెద్దవాళ్ల మధ్య అది నేరం కాదని చెప్పింది 2018 సెప్టెంబర్ 6న. చట్టం మారింది సరే, ఇల్లు మారాలె కదా.

పిల్లల తండ్రులకు, తాతలకు ఒక్క మాట. టీవీ ముందు కూసొని ఇట్లాంటోళ్ల మీద మనం వేసే జోకు పక్కనున్న పిల్లగాడు వింటడు. అది తన గురించే అయితే, ఇంట్ల చెప్పొద్దని ఆ క్షణాన్నే నిర్ణయించుకుంటడు. తర్వాత ఎంత ప్రేమ ఉన్నా వాని నోటెంట మాట రాదు. సినిమాల తల్లి చేసింది పెద్ద ఉపన్యాసం కాదు. తండ్రి గురించి కొడుకు ముందు ఎన్నడూ ఎగతాళిగ మాట్లాడలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. గంతే.