మంచు గట్టిగా ఉన్నప్పుడే నడక

అమెరికాలో మెక్సికో సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా సాగే పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్ పొడవు సుమారు 4,265 కిలోమీటర్లు. అందులో అన్నిటికంటే ఎత్తైన చోటు కాలిఫోర్నియాలో, సియెర్రా నెవాడా కొండల్లోని ఫారెస్టర్ కనుమ. ఎత్తు 4,009 మీటర్లు. దక్షిణం నుంచి బయల్దేరినవాళ్లలో చాలామంది జూన్‌లో ఇక్కడికి చేరతారు. ఎడారి దాటి వచ్చిన కాళ్లకు అప్పటికి రోజుకు ముప్పై కిలోమీటర్లు అలవాటైపోయి ఉంటాయి. అదే లెక్కతో మంచులోకి అడుగుపెడతారు. 2017, 2023 లాగా మంచు విపరీతంగా పడిన ఏళ్లలో ఆ లెక్క పనికిరాదు. ఇక్కడ రోజును దూరంతో కాదు, మంచు గట్టిగా ఉండే గంటలతో లెక్కగట్టుకోవాలని నేనంటాను.

కారణం కాళ్ల కిందే కనిపిస్తుంది. పగలు ఎండకు కరిగిన పైపొర, ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి తన వేడినంతా వదిలేసి మళ్లీ గడ్డకడుతుంది. కనుమకు దక్షిణాన ఉన్న టిండాల్ వాగు దాటి పైకి వెళ్లేకొద్దీ చెట్టన్నది కనబడదు, అంతా తెల్లటి మైదానమే. తెల్లవారుజామున ఆ మంచు మీద బూటు అచ్చు కూడా సరిగా పడదు, అడుగుకింద కరకరమన్న చప్పుడే. ఎండకు కరిగి ఏర్పడిన గుంటలతో ఆ నేల గుంటపొంగణాల పెనంలా ఉంటుంది, వాటి అంచుల మీద అడుగేస్తూ పోవచ్చు. పది, పదకొండు గంటలు దాటాక అదే అంచు విరిగి కాలు మోకాలి దాకా, ఒక్కోసారి తొడ దాకా దిగబడుతుంది. బండరాళ్ల పక్కన మరీ ప్రమాదం: ఎండకు వేడెక్కిన రాయి చుట్టూ ఉన్న మంచును లోపలే కరిగించి, పైకి కనబడని గొయ్యి చేస్తుంది. వీపున బరువుతో అందులో దిగబడ్డ కాలు మెలితిరిగితే మోకాలి కీలుకే ముప్పు. తెల్లవారుజామున గంటలో పోయే దూరానికి మధ్యాహ్నం మూడు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు.

అయితే చీకట్లో గట్టి మంచు మీద జారితే ఆగడం కష్టం కదా అని అడగవచ్చు. నిజమే, తీసిపారేయాల్సిన మాట కాదు. ఫారెస్టర్ దక్షిణపు వైపు, కనుమకు సరిగ్గా కింద, మంచు నిండిన నిటారు కొండచీలికను అడ్డంగా దాటాలి. అది కొద్ది అడుగులే, కానీ జారితే కిందిదాకా పోవడమే. బూట్లకు ముళ్లపట్టీలు, చేతిలో మంచుగొడ్డలి, జారినప్పుడు దానితో ఆపుకోవడం ముందే నేర్చుకున్న చేతులు లేకపోతే అక్కడికి పోకూడదు. అందుకే నేను చెప్పేది వీలైనంత పెందలాడే అని కాదు. మైదానాన్ని చీకట్లో దాటి, ఎండ తగిలి పైపొర కొద్దిగా మెత్తబడే వేళకు ఆ చీలిక దగ్గర ఉండాలి. ఎండ తక్కువ తగిలే ఉత్తరపు వాలు అప్పటికింకా గట్టిగానే ఉంటుంది కాబట్టి బబ్స్ వాగు వైపు దిగడానికీ వేళ సరిపోతుంది, కానీ అక్కడ జారుడు గురించి జాగ్రత్త తగ్గకూడదు.

వాగులదీ అదే గడియారం. పగటి కరుగు నీరు కిందికి చేరి, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా వాగును ఉప్పొంగిస్తుంది. తెల్లవారేసరికి తగ్గుతుంది. మరి ఒకే ఉదయం వాగునూ కనుమనూ ఎలా దాటుతాం? ముందురోజు ఉదయమే టిండాల్ దాటి, ఆవలి గట్టున డేరా వేసుకోవాలి. సగం రోజు ఊరికే పోయిందనీ, ఆ పూట తిండి అదనపు బరువనీ గొణిగేవాళ్లుంటారు. ఎలుగుబంట్లకు అందకుండా తిండి దాచుకునే గట్టి డబ్బా ఇక్కడ తప్పనిసరి, అందులో చోటూ తక్కువే, ఒప్పుకుంటాను. కానీ కనుమ దాటాక కియర్‌సార్జ్ కనుమ మీదుగా ఇండిపెండెన్స్ ఊరికి దిగి సరుకులు నింపుకోవచ్చు. ఒక పూట తిండి బరువు, ఉప్పొంగిన వాగులో కాలు పెట్టడం కన్నా ఏ లెక్కన చూసినా చిన్నదే.

కాలిఫోర్నియాలో ఉంటూ ఈ దారి మీద కన్నేసిన మన తెలుగువాళ్లకు ఒక్క మాట. రాత్రి మబ్బు పట్టి ఉంటే మంచు సరిగా గడ్డకట్టకపోవచ్చు. అలాంటి తెల్లవారుజామున డేరా బయటికొచ్చి మడమతో మంచును గట్టిగా తొక్కి చూడండి. మడమ దిగబడితే ఆ రోజు కనుమ ఎక్కకండి.