మానేరు నీళ్లమీద చివరి వలస పక్షులు



మా సండేస్కూలు పిల్లల్లో ఒకడు ఒకనాడు లేచి, "అయ్యగారూ, చలికాలం మన చెరువుకాడికి వచ్చిన బాతులు ఎండాకాలం యాడికి పోతయి?" అని అడిగాడు. చాలా దూరం పోతాయని చెప్పి ఊరుకున్నాము. వాడు ఊరుకోలేదు. "మీరు పోయేటప్పుడు చూసిండ్రా?" అన్నాడు. ఇన్నేండ్లుగా ఈ ప్రాంతంలో సేవ చేస్తున్నాము గాని, పక్షులు వెళ్లిపోయేటప్పుడు ఒక్కసారైనా నిలబడి చూడలేదు. అందుకే మార్చి నెల చివరి శనివారం, శ్రమల దినములలో, తెల్లవారకముందే ఎల్లంతకుంట నుండి బయలుదేరాము. మాతోపాటు సంఘ యౌవనస్థులు నలుగురు, పట్నంలో చదివే ఒక అబ్బాయి తెచ్చిన బైనాక్యులర్, మా ఇంట్లో కట్టి ఇచ్చిన పులిహోర మూట ఉన్నాయి. డెబ్బయి దాటిన ఒక పెద్దయ్య కూడా వచ్చాడు. ఆయన ఊరు ఇప్పుడు మధ్య మానేరు నీళ్ల కింద ఉన్నది.

మా మండలం ఇదివరకు కరీంనగర్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు నుండి రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉన్నది. ఒకప్పుడు ఇక్కడ వాన పడితేనే పంట, లేకుంటే వలస. ఇప్పుడు మండలంలోనే అనంతగిరి దగ్గర గుట్టల నడుమ మూడున్నర టీఎంసీల జలాశయం ఉన్నది. 2020లో దానిలోనికి నీళ్లు వచ్చాయి. ఉత్తరాన మానేరు మీద మధ్య మానేరు ఉన్నది. నిజాం కాలంలో నర్మాల దగ్గర కట్టినది ఎగువ మానేరు, కరీంనగర్ దగ్గరది దిగువ మానేరు, రెండింటి నడుమ ఉన్నది గనుక దీనికి ఆ పేరు. ఇది 25 టీఎంసీలకు పైగా నీళ్లు పట్టే జలాశయం. ఒక్క టీఎంసీ అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు. ఎక్కడో గోదావరి మీద ఎల్లంపల్లి నుండి ఎత్తిపోసిన నీళ్లు ఇక్కడికి చేరి, ఇక్కడినుండి తిప్పాపూర్ పంపుల ద్వారా అనంతగిరికి, అక్కడినుండి సిద్దిపేట వైపుకు పోతాయి.

మేము అనంతగిరి కట్ట మీదికి చేరేసరికి తూర్పున వెలుగు వచ్చింది. యాసంగి వరి కంకి మీద ఉన్నది. నీళ్ల మీద మొదట కనబడినవి బొల్లికోళ్లు. ఒళ్లంతా నలుపు, నుదుట మాత్రం తెల్లని బొట్టు. వాటి వెనుక నీటికాకులు మునిగి లేస్తున్నాయి. ఒడ్డున రాళ్ల మీద కొన్ని రెక్కలు చాపి ఎండకు ఆరబెట్టుకుంటున్నాయి. నీటికాకి రెక్కలు బాతు రెక్కలవలె నీటిని ఆపవు, తడుస్తాయి. తడుస్తాయి గనుకనే అది లోతుకు మునిగి చేపను పట్టగలదు. లోపమనుకొన్నదే దాని బ్రతుకుదెరువు.

అవతల సూదితోక బాతులు ఒక గుంపుగా ఉన్నాయి. డిసెంబరులో వచ్చిన గుంపుతో చూస్తే ఇవి చాలా తక్కువ. అబ్బాయిలు లెక్కబెట్టి ముప్పయి ఒకటి అన్నారు, మరల లెక్కబెట్టి ఇరవై తొమ్మిది అన్నారు. ఇవి సైబీరియా వంటి చలిదేశాల పక్షులు. అక్కడ నీళ్లు గడ్డకట్టేటప్పుడు ఇటు వస్తాయి, కరిగేటప్పుడు అటు పోతాయి. పగటి పొద్దు పెరుగుతున్నదని వాటి ఒంటికి తెలుస్తుంది. ప్రయాణానికి ముందు కడుపునిండా మేసి కొవ్వు పట్టించుకుంటాయి, అదే వాటి సద్దిమూట. ఎక్కువగా రాత్రివేళ ఎగురుతాయి. మన తెలంగాణ చెరువులకు వచ్చే పట్టీల తల బాతు ఒకటున్నది, తల మీద రెండు నల్లని పట్టీలుంటాయి. అది టిబెట్టు, మంగోలియా సరస్సులకు తిరిగి పోవుటకు హిమాలయాలనే దాటుతుంది. ఏడు వేల మీటర్లకు మించిన ఎత్తున, మనకు ఊపిరి ఆడని చోట, అది రెక్కలాడిస్తూ పోతుంది.

కట్ట దిగి వచ్చేటప్పుడు కరెంటు తీగల మీద మంగలకత్తి పిట్టలు వరుసగా కూర్చున్నాయి. తోక రెండుగా చీలి కత్తివలె ఉంటుంది గనుక ఆ పేరు. ఇవి కూడా వలస పక్షులే, పయనానికి ముందు ఇట్లాగే గుంపు కడతాయి. పేరు వినగానే మాకు యిర్మీయా గ్రంథము ఎనిమిదవ అధ్యాయము గుర్తుకు వచ్చింది. సంకుబుడి కొంగ, గువ్వ, మంగలకత్తి పిట్ట, ఓదెకొరుకు అను పక్షుల పేర్లు చెప్పి, అవి తమ కాలమును తెలిసికొనుచుండగా దేవుని ప్రజలు తెలిసికొనుట లేదని ప్రవక్త దుఃఖపడిన ఏడవ వచనము అది. ఎన్నోసార్లు దానిమీద ప్రసంగించాము గాని, తీగ మీద ఆ పిట్టను చూపి చెప్పడం ఇదే మొదటిసారి. యౌవనస్థులు శ్రద్ధగా విన్నారు. పెద్దయ్య మాత్రం ఏమీ అనలేదు.

అక్కడినుండి మానేరు వైపు పోయాము. మార్చి చివరికి నీళ్లు వెనుకకు తగ్గి చాలా నేల బయటపడింది. బురదలో కప్పమూతి వంటి వెడల్పు ముక్కులతో బాతులు మేస్తున్నాయి. నత్తగుల్లల కొంగలు నడుస్తున్నాయి, వాటి ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, ఆ ముక్కుతోనే నత్తలను ఒలుచుకుంటాయి. దూరాన జక్కవలు రెండు, నారింజ రంగులో, జంటగా నిలబడి ఉన్నాయి. ఇవి కూడా ఉత్తరానికి పోవలసినవే. ఇంకా ఎందుకు ఆగాయో వాటికే తెలియాలి.

మేము వాటిని చూస్తుండగా పెద్దయ్య మరొకవైపు చూస్తున్నాడు. నీళ్లలోనుండి ఒక మొండిగోడ, ఎండిన చింతచెట్టు మోడు, గద్దె వంటి రాళ్ల కుప్ప బయటికి కనబడుతున్నాయి. "అగో, ఆ మోడు మా చావడి కాడిది. దానికి ఇటు దిక్కు మూడో ఇల్లు మాది" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

ప్రియ చదువరులారా, ఇక్కడ మేమొక సంగతి ఒప్పుకొనవలెను. 2019లో జలాశయం నిండకముందు, ముంపు ఊళ్లు ఖాళీ చేస్తున్న రోజుల్లో, ఈ పెద్దయ్య ఇంటిముందు చివరి ప్రార్థన పెట్టించుకున్నాడు. సామానంతా ట్రాక్టరు మీద ఉన్నది. ఆడవాళ్లు గడప పట్టుకొని ఏడుస్తున్నారు. మేము ఆదికాండము పన్నెండవ అధ్యాయము తీసి, అబ్రాహాము దేవుని మాట విని తన దేశమును, బంధువులను విడిచి వెళ్లెను గదా, విశ్వాసులు ఇట్లు ఏడువ తగునా అని చెప్పాము. పావుగంటలో ప్రార్థన ముగించి, సాయంత్రం ఇంకొక కూడిక ఉన్నదని బయలుదేరి వచ్చాము. మంచి మాట చెప్పామనే అనుకున్నాము.

ఆ రోజు సంగతి ఎత్తి, "పెద్దయ్యా, ఆనాటి మా మాట నీకు గుర్తున్నదా?" అని అడిగాము. ఆయన కోపపడలేదు. మెల్లగా ఇట్లన్నాడు:

"గుర్తుంది అయ్యగారూ. అబ్రాహాముకు దేవుడే పొమ్మని చెప్పిండు. మాకు కాయితం చెప్పింది. అబ్రాహాము ఊరు ఆడ్నే ఉన్నది, ఎన్కకు తిరిగిచూస్తే కనవడుతది. మాది నీళ్లల్ల వోయింది. ఈ బాతులు పోతె మల్ల వస్తయి. మేం పోయినోళ్లం పోయినట్టే."

మేము జవాబు చెప్పలేదు. చెప్పుటకు మా దగ్గర ఏమీ లేదు.

ఇంతలో ఒక అబ్బాయి ఫోటో తీద్దామని ఆ రాళ్లకుప్ప వైపు బురదలో నడిచాడు. ఒక్కసారిగా పైనుండి పక్షులు అరుస్తూ వాని తలమీదికి దూకాయి. బూడిద రంగు ఒళ్లు, నల్లటి తల, పసుపు ముక్కు, చీలిన తోక. ఇవి మానేరు వంటి నదుల మీద ఏడాది పొడుగునా ఉండే పక్షులు, వలస పోవు. నీళ్లు తగ్గి ఇసుక దిబ్బలు, మిట్టలు బయటపడే ఎండాకాలంలోనే ఇవి వట్టి నేల మీద గుడ్లు పెడతాయి. గూడంటూ ఉండదు, చిన్న గుంట చాలు. గుడ్డు రంగు ఇసుక రంగే గనుక చూడకుండా తొక్కే ప్రమాదమున్నది. పెద్దయ్య కేక వేశాడు. "బిడ్డా, ఎన్కకు రా! గుడ్లున్నయి, తొక్కుతవు!" అబ్బాయి అడుగులో అడుగు వేసికొంటూ తిరిగివచ్చాడు.

అప్పుడు పెద్దయ్య మాతో అన్నాడు, "ఏటి మీద చిన్నప్పటి సంది చూస్తున్న వీటిని. అప్పుడు వాన పడితెనె నీళ్లు పెరుగు. ఇప్పుడు మోటర్లు నడిస్తె ఎప్పుడైన పెరుగుతయి. పెరిగితె ఈ గుడ్లు మునుగుతయి. వీటికి కాయితం గూడ రాదు."

తన ఇల్లు మునిగిన మనిషి తన ఇంటి జాగలో పెట్టిన గుడ్ల కోసం దిగులు పడుతున్నాడు. యిర్మీయా మాట అప్పుడు మాకు వేరుగా వినబడింది. ఉదయం ఆ వచనమును యౌవనస్థులకు చెప్పాము, అది మాకు చెందినదని తలంచలేదు. కాలమును తెలిసికొనుట అనగా బయలుదేరు గడియ తెలియుటే కాదు. ఏడ్చుటకు ఒక కాలమున్నదని ప్రసంగి చెప్పెను. ఏడ్చువారితో ఏడువుడని పౌలు రోమా సంఘమునకు వ్రాసెను. లాజరు సమాధి దగ్గర, ఇంకొక గడియలో అతనిని లేపబోవుచున్న మన ప్రభువే కన్నీళ్లు విడిచెను. గడప పట్టుకొని ఏడ్చేవారి ఎదుట మాకు ఆ కాలము తెలియలేదు. పిట్టకు తెలిసినది పాస్టరుకు తెలియలేదు.

ఆ చోటనే మేము పెద్దయ్య చేయి పట్టుకొని, "ఆనాడు మేము తొందరపడ్డాము, క్షమించు" అన్నాము. ఆయన కండ్లు తుడుచుకొని, "పులిహోర తీయుండ్రి, పిల్లలకు ఆకలైతుంది" అన్నాడు. అందరము తుమ్మచెట్టు నీడన కూర్చొని తిన్నాము. తింటూ ఆయన తన ఊరి సంగతులు చెప్పాడు: ఏ ఇంటి వెనుక ఏ బావి, ఏ చెట్టు కింద క్రిస్మసు పాటలు, వరదకు మానేరు ఎంతవరకు వచ్చేది. యౌవనస్థులు బైనాక్యులర్ పక్కన పెట్టి విన్నారు. వారిలో ఒకడు అవన్నీ నోటు పుస్తకంలో రాసుకున్నాడు. ఇప్పుడు ప్రతి నెల రెండవ శనివారం వారు పునరావాస కాలనీకి పోయి, ఒక్కొక్క ఇంటి పెద్దల దగ్గర కూర్చొని వారి ఊరి సంగతులు రాసికొనుచున్నారు. మేమును వారితో పోవుచున్నాము. ప్రసంగము చేయుటకు కాదు, వినుటకు.

ఈ నీళ్లవలన మన పొలాలు పండుతున్నాయి, దేవునికి స్తోత్రము. వేలమైళ్ల నుండి పక్షులు వస్తున్నాయి, దానికిని స్తోత్రము. అయితే అన్నము ముందు స్తుతించునప్పుడు, ఈ నీళ్లు నిలుచుటకు తమ గడప ఇచ్చినవారిని కూడ జ్ఞాపకము చేసికొందము.

మీ ఊరి దగ్గర చెరువు గాని జలాశయము గాని ఉంటే ఒకనాడు మీ పిల్లలను తెల్లవారుజామున తీసికొనిపోండి. ముదురు రంగు బట్టలు వేయండి, మాట తగ్గించండి, రాయి విసరనీయకండి. ఎండాకాలం మిట్టల మీదికి, ఇసుక మీదికి పోకండి. దూరంనుండే చూడండి. వీలైతే ఆ ఊరి పెద్దమనిషి నొకరిని వెంట తీసికొనిపోండి.

మేము తిరిగివచ్చే వేళకు జక్కవలు రెండూ అక్కడ లేవు. ఎప్పుడు లేచాయో మాలో ఎవరూ చూడలేదు. మరుసటి రోజు సండేస్కూలులో ఆ పిల్లవాడు, "పోయేటప్పుడు చూసిండ్రా?" అని మరల అడిగాడు. లేదు, వినవలసిన మాట ఒకటి వింటూ ఉండిపోయామని చెప్పాము. అక్టోబరు దాటితే అవి మరల వస్తాయి. ఈసారి వాడిని కూడ తీసికొనిపోవుదుము.

వచ్చినవారిని, వెళ్లినవారిని, తిరిగి రాలేనివారిని ప్రభువు కాపాడును గాక. ఆమేన్.