రంగంలో ముత్తాత ఆఫీసు

మా ఊరు భీమునిపట్నం దగ్గర. అక్కడి పెద్దలు రంగూన్ అనరు, రంగం అంటారు. మా ముత్తాత రంగంలో పోర్టు ఆఫీసులో ఉద్యోగం చేశారని ఇంటిల్లిపాదీ చెప్పుకుంటాం. నా పెళ్ళిచూపుల్లో కూడా ఆ మాట వచ్చింది.

2019 డిసెంబరులో ఇండియా వెళుతూ, ఆ ఆఫీసు చూద్దామని మూడు రోజులు అక్కడ ఆగాం. 1989 నుంచి ఊరి పేరు యాంగోన్. సూలే పగోడా నుంచి దక్షిణంగా నడిస్తే స్ట్రాండ్ రోడ్డు, దాని అవతల నది. బ్రిటిష్ వారి నాటి పోర్టు కార్యాలయం ఎత్తయిన బురుజుతో ఇంకా నిలబడే ఉంది. దాని ముందు మా అబ్బాయిని నిలబెట్టి ఫోటో తీశాను.

తర్వాత రోడ్డు దాటి జెట్టీకి వెళ్ళాం. పడవ నుంచి ఒడ్డుకు వేసిన బల్ల మీదుగా కళాసీలు బస్తాలు మోస్తున్నారు. ఒకాయన బస్తా దించి చెమట తుడుచుకున్నాడు. మెడ వెనక, భుజాల మధ్య నిమ్మకాయంత బొడిపె!

ఆ బొడిపె నాకు తెలుసు. చిన్నప్పుడు ముత్తాత వీపుకి నూనె రాసేవాణ్ణి. "ఏటి తాతా ఇది?" అంటే "కాడి మచ్చరా" అని నవ్వేవారు. ఏళ్ళ తరబడి బరువు మోస్తే వచ్చేదది. కలం పట్టినవాడికి రాదు.

ఆ రోజుల్లో రంగం రేవులో బరువులు మోసినవారు ఎక్కువమంది తెలుగువాళ్ళే. మేస్త్రీ ఊళ్ళో అడ్వాన్సు ఇచ్చి ఓడ ఎక్కించి, కూలిలో కోసుకునేవాడు. 1930 మే నెలలో కూలి పెంచమని సమ్మె చేశారు. వారి బదులు బర్మావాళ్ళను పెట్టుకుని, సమ్మె తీరగానే వాళ్ళను పొమ్మన్నారు. దానితో అల్లర్లు రేగి ఎందరో మనవాళ్ళు చనిపోయారు. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాక జనం కాలినడకన బయలుదేరారు. ముత్తాత టౌంగప్ కనుమ దాటి అక్యాబ్ చేరారు. దారిలో కలరా. ఆయన బావమరిది అక్కడే పోయాడట. అంతకు మించి ఎన్నడూ చెప్పలేదు.

మనకు డిగ్రీ చూసి వీసా ఇచ్చారు. ఆయనకు భుజం చూసి అడ్వాన్సు ఇచ్చారు.

ఆ రాత్రి అమ్మ ఫోనులో అడిగింది: "తాత ఆఫీసు కనబడిందా నాన్నా?"

"కనబడిందమ్మా, పెద్ద మేడ" అన్నాను.

ఈ సంచిక అమ్మకి ఒకటి పంపుతున్నాను.