షాదీపూర్‌లో తొలి విత్తు

శ్రీకాకుళం రైతు మృగశిర కార్తె కోసం ఆకాశం వైపు చూస్తాడు. తొలకరి పడితే విత్తనం పడాల్సిందే. ఆ జిల్లా నుంచి అండమాన్ వలస వచ్చి షాదీపూర్‌లో ఇల్లు కట్టుకున్న వారికి మాత్రం ఈ లెక్క తలకిందులైంది. ఇక్కడ కూరగాయల మడి వేయాలంటే వాన రాక కోసం కాదు, వాన పోక కోసం కాచుకోవాలి.

దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్‌లో (2024 సెప్టెంబర్ నుంచి శ్రీ విజయపురం) షాదీపూర్ ఒక ఇరుకైన పేట. ఎత్తుపల్లాల రోడ్లు, రేకుల కప్పులు, వాటి పక్కనే చేరెడు పెరళ్లు. పెరడు లేనివారికి పాత ప్లాస్టిక్ డ్రమ్ములే పొలాలు. దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు 2011 లెక్కల ప్రకారం దాదాపు 13 శాతం. కాబట్టి ఈ డ్రమ్ముల్లో గోంగూర, బచ్చలి కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

దేశంలో నైరుతి రుతుపవనాలు ముందుగా పలకరించేది అండమాన్‌నే. మే మూడో వారానికల్లా మొదలయ్యే వానలు నవంబర్ దాకా, ఒక్కోసారి డిసెంబర్ దాకా వదలవు. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్లు. అంటే కోస్తాంధ్రలో కురిసేదానికి దాదాపు మూడు రెట్లు. ఆ జడివానలో బెండ, బీర, అలసంద ఎలాగో నెట్టుకొస్తాయి. టమాటా, వంగ, మిరప, క్యాబేజీ అలా కాదు. నేలలో తేమ ఎక్కువైతే వంగ, టమాటాలకు బాక్టీరియా ఎండు తెగులు పట్టుకుంటుంది. పొద్దున పచ్చగా ఉన్న మొక్క సాయంత్రానికి తల వేలాడేస్తుంది. కొత్తిమీర సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకే వానాకాలమంతా ఇక్కడి వంటింట్లో దాని పాత్ర ‘బర్మా ధనియా’ది. నీడలో, తడిలో హాయిగా పెరిగే ఈ రంపపుటంచు ఆకు వాసన కొత్తిమీరకు ఏమాత్రం తీసిపోదు.

మరి వానలు పూర్తిగా ఆగాకే విత్తితే? అక్కడే ఉంది చిక్కు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆకాశం దాదాపు ఎండిపోతుంది. నగరానికి ప్రధాన ఆధారం ధనికారి జలాశయం. ఎండాకాలంలో కుళాయి రోజూ రాదు. వచ్చిన నీళ్లు తాగడానికా, మొక్కలకా అన్న ప్రశ్నకు ఏ ఇంట్లోనైనా జవాబు ఒక్కటే. అందువల్ల మొక్క జనవరికి ముందే వేళ్లూనుకోవాలి. తొందరపడితే విత్తనం కుళ్లుతుంది, ఆలస్యం చేస్తే మొక్క ఎండుతుంది. మిగిలేది నవంబర్‌లో కొన్ని వారాలు మాత్రమే.

ఆ వారాలే బంగాళాఖాతంలో తుపాన్లు పుట్టే రోజులు కూడా. ఉల్లి, బంగాళాదుంపలే కాదు, చాలా రకాల కూరగాయలు చెన్నై, కోల్‌కతాల నుంచి వెయ్యికి పైగా కిలోమీటర్లు దాటి రావాల్సినవే. ఓడ ప్రయాణానికే మూడు రోజులు పడుతుంది. సముద్రం అల్లకల్లోలమైతే ఓడ కదలదు, మార్కెట్లో ధర మాత్రం కదులుతుంది. చేరెడు పెరటికి అంత విలువ రావడానికి కారణం ఇదే.

ఈ నేలకు కూరగాయలతో బంధం పాతదే. 1858 మార్చిలో 200 మంది ఖైదీలతో ఇక్కడ శిక్షా స్థావరం మొదలైంది. కొన్నేళ్ల సత్ప్రవర్తన తర్వాత ఖైదీకి కొంత భూమి ఇచ్చి, తన తిండి తానే పండించుకోమనేవారు. అలాంటివారికి మహిళా ఖైదీలను పెళ్లాడే అనుమతీ ఉండేది. అలా పెళ్లయిన జంటల వల్లే షాదీపూర్‌కు ఆ పేరొచ్చిందని స్థానికులు చెబుతారు.

తిండి కరువు ఇక్కడ ఎంత భయంకరంగా ఉంటుందో 1942 మార్చిలో మొదలైన జపాన్ ఆక్రమణ చూపించింది. సముద్ర మార్గం మూసుకుపోయి ధాన్యం రావడం ఆగింది. జనంతో బలవంతంగా చిలగడదుంప, కర్రపెండలం వేయించారు. 1945 ఆగస్టులో, పంట పండించుకునే చోటికంటూ వందల మందిని ఓడల్లో ఎక్కించి, హావ్‌లాక్ దగ్గర చీకట్లో సముద్రంలోకి తోసేశారు. జపాన్ సైన్యం ఇక్కడ వదిలిపెట్టిందని చెప్పే రాక్షసి నత్త మాత్రం నేటికీ ఉంది. తడి రాత్రుల్లో బయటికొచ్చి, తెల్లారేసరికి నారుమడిని మొదళ్లదాకా కొరికేస్తుంది.

చుట్టుపక్కల పొలాల మీద ఆధారపడదామన్నా 2004 డిసెంబర్ 26 సునామీ ఆ ధీమాను తగ్గించింది. ఆనాటి భూకంపానికి పోర్ట్ బ్లెయిర్ ప్రాంతం సుమారు మీటరు మేర కుంగింది. సిప్పీఘాట్ పల్లపు పొలాల్లోకి చొరబడిన ఉప్పునీరు చాలాచోట్ల తిరిగి వెళ్లలేదు. నగర శివారు గారాచర్మలోని కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ ఇందుకు చెప్పే ఉపాయం సులువైనదే: పల్లంలో వెడల్పాటి ఎత్తు మడులు, మధ్యలో కాలువలు. మడి మీద కూరగాయలు, కాలువలో వరి లేదా చేపలు. ఎండు తెగులును తట్టుకునే వంగ రకాన్నీ ఈ సంస్థ తయారు చేసింది.

షాదీపూర్ పెరళ్లలో అదే సూత్రం చిన్న రూపంలో కనిపిస్తుంది. నాగులచవితి వెళ్లాక మట్టిని జానెడు ఎత్తు పోసి, ఆమ్ల గుణం విరగడానికి కాస్త సున్నం, పశువుల ఎరువు కలుపుతారు. నారు నేల మీద కాదు, చూరు కింద ట్రేల్లో పోస్తారు. పైన పాలిథిన్ పరదా, చుట్టూ నత్తల కోసం సున్నపు గీత. డిసెంబర్లో సాయంత్రం ఐదుకే పొద్దు గూకుతుంది కాబట్టి ఉద్యోగస్తులకు మొక్కల పని తెల్లవారుజామునే. పొట్లంలోని గింజలన్నీ ఒకేసారి పోసే సాహసం అనుభవమున్నవారు చేయరు. సగం పోసి, మిగిలిన సగం గాలి చొరని డబ్బాలో దాస్తారు. వాయుగుండం వార్త వస్తే ఆ డబ్బా మరో పది రోజులు అటక మీదే ఉంటుంది.