రాళ్లు దాచిన పేర్లు

ఏథెన్సు నగరంలో, అక్రోపోలిస్ కొండకు వాయవ్యంగా కెరమైకోస్ అనే ప్రాచీన శ్మశానవాటిక ఉన్నది. కుమ్మరుల వాడ అని ఆ పేరుకు అర్థం. అక్కడి సమాధుల వీధిలో ఒక శిలాఫలకం యాత్రికుని ఆపివేస్తుంది. కుర్చీలో కూర్చున్న స్త్రీ, పరిచారిక పట్టుకొన్న పెట్టెలోని నగను చేత బట్టి చూచుకొంటున్నది. ఇది నకలు. క్రీ.పూ. 5వ శతాబ్ది చివరినాటి అసలు ఫలకం అదే నగరంలోని జాతీయ పురావస్తు ప్రదర్శనశాలలో ఉన్నది. ఆ నగను శిల్పి రంగులతో చిత్రించాడు. కాలక్రమాన రంగు మాసి నగ మాయమైనది. పైన చెక్కిన పేరు మాత్రం చెక్కుచెదరలేదు: హేగేసో.

'నడిపించుట' అనే అర్థమిచ్చే క్రియ నుండి పుట్టిన పేరది. కాని ఆనాటి ఏథెన్సులో గౌరవనీయురాలైన గృహిణి పేరును బ్రతికి ఉండగా నలుగురిలో పలుకరాదు. న్యాయస్థానంలో సైతం వక్తలు ఫలానావారి భార్య, ఫలానావారి కుమార్తె అనేవారు. మరణించిన తరువాతనే ఆమె పేరు బాటసారులందరూ చదువుకొనే అక్షరమయ్యేది.

విచిత్రమేమంటే, పలుకరాని ఆ పేర్లలోనే వంశాభిమానమంతా నిండి ఉండేది. క్లియోపాత్రా అంటే తండ్రి కీర్తి. బెరెనీకే అంటే విజయాన్ని తెచ్చేది. సోక్రటీసు భార్య క్సాంతిప్పే పేరులో గుర్రమున్నది. అశ్వసంపద ఆనాడు కులీనతకు గుర్తు. గ్రీకులో కీర్తికి 'క్లేయోస్', గుర్రానికి 'హిప్పోస్' అని పేర్లు. ఇవి సంస్కృతంలోని శ్రవస్సుకు, అశ్వానికి జ్ఞాతిపదాలు. ఆ పేర్లు మన చెవికి అంత పరాయివి కావు.

ఆ ప్రదర్శనశాలలోనే క్రీ.పూ. 6వ శతాబ్దికి చెందిన ఫ్రాసిక్లేయా అనే కన్య విగ్రహం చేత మొగ్గ పట్టుకొని నిలిచి ఉన్నది. ఆటికా ప్రాంతంలోని మెరెండాలో ఆమె పేరు చెక్కిన పీఠం ఒక చర్చి కట్టడంలో చేరిపోయి, విగ్రహానికి దూరమైనది. వివాహం కాకుండానే మరణించినందున ఆమె ఎన్నటికీ కన్యగానే పిలువబడుతుందని ఆ పీఠం చెబుతున్నది. 1972లో ఆ సమీపాన నేలను త్రవ్వగా విగ్రహం బయటపడినది. దాని పాదాలు పీఠంలో సరిగా అమరినవి. రెండున్నర వేల సంవత్సరాలు గడచిన తరువాత ఆమె పేరు మరల ఆమెను చేరినది. ఆ పేరులోనూ ఉన్నది కీర్తియే.